హంప్టా కనుమ దాటే రోజు: నల్గొండల ఉండి ఎట్ల తయారు కావాలె?

పానగల్లు కట్ట (నల్గొండ)

అందరికి నమస్తే. సెప్టెంబరు మూడో వారంల నేను, మా బావ, బావ కొడుకు ముగ్గురం హిమాచల్‌ల హంప్టా కనుమ ట్రెక్‌కు పోతున్నం. జోబ్రా, చికా, బాలూ కా ఘేరా, కనుమ, షియాగోరు, ఛత్రూ. అందరు పోయే మామూలు బాటే. మొదటి రెండు రోజులు చిన్న నడకలే అంటున్నరు. మూడో రోజు, అంటే కనుమ ఎక్కి అటు దిగే రోజు, చానా కష్టం అంటున్నరు గని ఎందుకు కష్టమో ఎవ్వరు వివరంగ చెప్తలేరు.

నాకు 44, బీపీకి రోజు ఒక గోలి. బావకు 49, షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటడు. పిల్లగానికి 19. రోజు పొద్దున ఉదయ సముద్రం కట్ట మీద 5 కిలోమీటర్లు నడుస్తున్న. ఇంక పన్నెండు వారాల టైముంది.

తెలిసినోళ్లు చెప్పుండ్రి. మన గుట్టల మీద ఏ లెక్కన ఎక్కితే ఆ రోజుకు సరిపోతది? ఆ రోజు నడక ఎట్లుంటది, మనుషులు ఎక్కడ ఆగిపోతరు? స్పోర్ట్స్ షూ చాల్తదా? బీపీ, షుగరు ఉన్నోళ్లు ఏం చూసుకోవాలె?

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)

అన్నా, ముందు లెక్క చూద్దాం. బాలూ కా ఘేరా సుమారు 3,600 మీటర్ల ఎత్తుల ఉంటది. కనుమ 4,270. అటు పక్క షియాగోరు 3,900 దగ్గర. అంటే ఒక్క పూటల 650 మీటర్ల పైన ఎక్కుడు, ఆ వెంటనే 400 మీటర్ల దాకా దిగుడు. కట్ట మీద ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఆ నడక ఊపిరికి పనికొస్తది, తొడలకు, మోకాళ్లకు పనికిరాదు.

650 మీటర్లను మెట్లల్లకు మార్చుకో. మెట్టు ఎత్తు 16 సెంటీమీటర్లయితే 4,000 మెట్ల పైన వస్తయి. పదో వారం అయ్యేసరికి 7 కిలోల బ్యాగు మోసుకోని ఒక్క పొద్దుల 4,000 మెట్లు ఎక్కి, అన్ని దిగాలె. తెల్లారి మళ్ల మెట్లు దిగుతుంటే తొడలు వణకొద్దు. నువ్వు తయారైనవా లేదా అన్నది ఆ తెల్లారి తెలుస్తది.

నల్గొండల ఉన్నోళ్లకు లతీఫ్ సాబ్ గుట్ట ఉండనే ఉంది. మెట్లు ఒకసారి లెక్కపెట్టి, రెండు మూడు మెట్ల ఎత్తు టేపుతోని కొలిస్తే ఎన్ని మార్లు ఎక్కాలెనో తెలిసిపోతది. భువనగిరి కోట గుట్ట సుమారు 500 అడుగులు, అంటే 150 మీటర్లు. నాలుగు మార్లు ఎక్కి దిగితే 600 అయితది. కాకపోతే గేటు తెరిచేసరికి ఎండ ఎక్కుతది, అందుకని అది వానకాలం మబ్బు రోజులకు ఉంచుకో. దేవరకొండ, రాచకొండ కోటల దిక్కు రాళ్లు, ముళ్ల పొదలు, సరిగ్గ లేని బాటలు ఉంటయి. కాలు ఎక్కడ పెట్టాలెనో చూసుకుంట నడిచే అలవాటు అక్కడనే వస్తది. మా దిక్కు మన్యంకొండ మెట్లు, కోయిలకొండ కోట.

మొదటి నాలుగు వారాలు వారానికి మూడు మార్లు మెట్లు, బ్యాగు లేకుండ. 800 మెట్లతోని మొదలు పెట్టి పదో వారం దాకా వారానికి ఒక 360 పెంచు. ఐదో వారం నుంచి బ్యాగుల నీళ్ల సీసాలు పెట్టుకో. రెండు లీటర్ల సీసా అంటే రెండు కిలోలు, లెక్క సులువు. పైకి పోయినంక నీళ్లు చెట్లకు పోసి ఖాళీ సీసాలతోని దిగు, మోకాళ్లకు బరువు తెలువకుండ మెల్లగ అలవాటైతది. ఎనిమిదో వారం నుంచి నీళ్లు పారబోయకుండ బరువుతోనే దిగు. ఎనిమిది నుంచి పదకొండు వారాల దాకా శని, ఆదివారాలు రెండు రోజులు వరుసగ ఎక్కు. కనుమ రోజు మూడో రోజు పడుతున్నది, అలిసిన కాళ్లతోని నడిచే అలవాటు ముందుగాలనే కావాలె. ఆఖరి వారం సగానికి తగ్గించు. ఆ వారంల కష్టపడితే లాభం రాదు, నొప్పులు మాత్రం వస్తయి.

దిగుడు గురించి ఇంకొంచెం చెప్త. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంట పని చేస్తది. దిగేటప్పుడు బరువును ఆపుకుంట సాగుతది. సాగుకుంట పని చేసినప్పుడే కండరం లోపల ఎక్కువ దెబ్బతింటది. అందుకనే దిగిన రెండో రోజు కూసుంటే లేవరాదు. మంచి సంగతేందంటే, ఒకసారి గట్ల నొచ్చి మానిన కండరం తర్వాత కొన్ని వారాల దాకా అంత నొవ్వదు. జిమ్ముల ట్రెడ్‌మిల్ మీద ఎక్కుడు మాత్రమే చేసినోళ్లకు ఈ లాభం ఉండదు. ఇంట్ల చేసేది ఒకటి: 20 సెంటీమీటర్ల పీట మీద ఒంటి కాలుతోని నిలబడి, రెండో కాలు మడిమను మెల్లగ నేలకు ఆనించి మళ్ల పైకి తీయాలె. ఒక్కో కాలుకు 12, మూడు విడుతలు, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి ఒరగొద్దు, కాలి రెండో వేలు మీదికే రావాలె.

జాగ్రత్తలు. పొద్దున ఐదున్నరకు మొదలు పెట్టి ఎనిమిదికల్ల దిగిపో. సాయంత్రం మన గుట్టల బండలు పగటి వేడి ఇంకా కక్కుతుంటయి. వాన పడ్డంక పాకురు పట్టిన బండ మీద మెట్లు విడిచి పోవద్దు. కోటల్ల తేనెతుట్టెలుంటయి, వాటి దగ్గర పొగ, సెంటు రెండూ వద్దు. మహబూబ్‌నగర్ చుట్టు గుట్టల్ల చిరుతలు తిరుగుతయి, చీకట్ల ఒక్కలే పోవద్దు. ప్రాక్టీసు అని అమ్రాబాద్ దిక్కు నల్లమలలకు సొంతంగ దిగకుండ్రి. అది పులుల అడవి, అనుమతి లేకుండ నడుచుడు నేరం.

ఇంకొక మాట మన నల్గొండోళ్లకు. మునుగోడు, మర్రిగూడ దిక్కు చిన్నప్పుడు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లకు నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకపోయి ఉండొచ్చు. వంగి కాలి వేళ్లు ముట్టుకునుడు, గొంతుకూసోని లేసుడు కష్టమైతే శిక్షణ మొదలు పెట్టకముందే ఎముకల డాక్టరుకు చూపించుకోండ్రి. బిగుసుకపోయిన కీలు మీద బరువుతోని వేల మెట్లు ఎక్కితే బాగయ్యేది పోయి చెడిపోతది.

మన గుట్టలు కాళ్లను తయారు చేస్తయి అంతే. ఎత్తుకు అలవాటు చేయయి. దాని లెక్క వేరే, అది తెలిసినోళ్లు చెప్తరు.

రాచకొండ బాట (చౌటుప్పల్)

లెక్క సరిగ్గ ఉంది. ఆ రోజు నడక గురించి నేను చెప్త.

కనుమ రోజు ముందటి రాత్రి బాలూ కా ఘేరాలనే మొదలైతది. బ్యాగు సర్దుడు, బూట్లు డేరా లోపల పెట్టుడు, సీసాల వేడి నీళ్లు పోసి స్లీపింగ్ బ్యాగుల కాళ్ల దగ్గర పెట్టుకునుడు. రాత్రంత వెచ్చగుంటది, పొద్దున తాగనీకి నీళ్లు గడ్డ కట్టకుండ ఉంటయి. తడిసిన సాక్సులు కూడ లోపలనే పెట్టుకుంటే ఒంటి వేడికి ఆరుతయి. నాలుగు, నాలుగున్నరకు లేసి ఆరు లోపల బయలుదేరుతరు. ఇంత పొద్దున ఎందుకంటే పగలు గడిచినకొద్దీ కనుమ మీద మబ్బు కమ్ముతది, గాలి పెరుగుతది, వాన గని మంచు గని మధ్యాహ్నమే ఎక్కువ పడుతది. పన్నెండు లోపల కనుమ మీద ఉండాలె. ఒంటిగంటకు కూడ ఎక్కే అవకాశం కనబడకపోతే వెనుకకు తిరుగుడే. ఆ టైము ముందటి రాత్రే గైడ్‌తోని అందరి ముందట అనుకోండ్రి. అలిసినంక తీసుకునే నిర్ణయాలు సరిగ్గ ఉండయి.

మొదటి గంట, గంటన్నర లోయల నది పక్కన సాఫు బాట. ఇక్కడనే చానా మంది చెడగొట్టుకుంటరు. బాట సులువుగుంది, పొద్దుటి చలి ఉంది అని జోరుగ నడుస్తరు. 3,600 మీటర్ల పైన జోరుగ నడిచి ఆయాసం తెచ్చుకుంటే అది ఐదు నిమిషాలు కూసుంటే పోయేది కాదు, రోజంత వెంటాడుతది. పక్కనున్నాయనతోని ఆగకుండ ఒక నిండు వాక్యం మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. మాట మధ్యల ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించాలె.

ఆ తర్వాత ఎక్కుడు మొదలైతది. పాత మంచుగడ్డలు తోసుకొచ్చి పోసిన రాళ్ల కుప్పలు, పెద్ద బండలు, మధ్యల మట్టి బాట. ఎదురుంగ ఒక గట్టు కనబడుతది, అదే కనుమ అనుకుంటరు. ఎక్కినంక వెనుక ఇంకొకటి. గిట్ల ఒకటి కన్న ఎక్కువ మార్లు అయితది. కాళ్ల కన్న ముందు మనసు ఇక్కడ అలుస్తది. అందుకని ఎదురుంగ కనబడే గట్టును చూసి ఓపిక ఖర్చు పెట్టొద్దు, టైము చూసి నడవాలె. 50 నిమిషాలు నడక, 5 నిమిషాలు ఆగుడు. ఆగంగనే, చలి పెట్టకముందే జాకెట్ తొడుక్కోవాలె. చెమట మీద గాలి తగిలితే నిమిషాలల్ల ఒణుకు మొదలైతది. పది నిమిషాలకు మించి కూసుంటే కాళ్లు బిగుసుకుంటయి.

నిటారుగ ఉన్న చోట అడుగేసే పద్ధతి ఒకటుంది. ముందు కాలు పెట్టి, వెనుక కాలు మోకాలు నిటారుగ చేసి ఒక్క క్షణం బరువంత దాని మీదనే నిలపాలె. ఆ క్షణంల బరువు ఎముక మోస్తది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతది. అడుగుకు ఒక ఊపిరి, ఇంక పైన అడుగుకు రెండు. చూసేటోళ్లకు చానా నెమ్మది అనిపిస్తది గని ఆగకుండ నడిచినోడే ముందు చేరుతడు. ఈ అడుగు గుట్ట మెట్ల మీదనే నేర్చుకో, అక్కడ కొత్తగ పట్టుబడది.

కనుమ మీద గాలి కోస్తది. ఇంద్రాసన్ 6,221 మీటర్లు, దేవ్ టిబ్బా 6,001, మబ్బు లేకుంటే కనబడుతయి. ఫొటోలకు పావుగంట చాలు. తినుడు మాత్రం కనుమ కన్న ముందు గాలి తగలని బండ చాటున అయిపోవాలె. ఇది పీర్ పంజాల్ వరుస. ఇటు కులూ పక్క వానలు పడి పచ్చగ ఉంటది, అటు లాహౌల్ పక్క వాన మబ్బు దాటి రాదు, అంత రాయి, మట్టి. గద్దీ గొర్ల కాపర్లు ఎండకాలం మందలను అటు తోలుకపోయే బాట ఇదే.

ఇగ దిగుడు. ఎక్కువ మంది కింద పడేది ఈడనే. నిటారు వాలు, కాలు పెడితే కదిలే రాళ్లు. కష్టమంత అయిపోయింది అని మనసు వదులైతది, తొడలు అప్పటికే అలిసి ఉంటయి. భయంతోని ఒళ్లు వెనుకకు వాలుస్తరు. వెనుకకు వాలితే బరువు మడిమ చివర పడి కాలు ముందుకు జారుతది, కూసున్నట్టు పడుతరు, చేయి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకుంటరు. మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు కాళ్ల మీదనే ఉంచి, చిన్న చిన్న అడుగులు వేయాలె. చేతికర్రలు ఎక్కేటప్పటి కన్న 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలె. కర్ర పట్టీలు మణికట్టుకు బిగించొద్దు, పడ్డప్పుడు చేయి తిరుగుతది. ఒకరి కింద ఒకరు నేరుగ నడవొద్దు. రాయి కదిలితే గట్టిగ “పత్థర్” అని అరవాలె, అక్కడ అందరికి అర్థమైతది.

చానా మందికి తెలియని సంగతి ఒకటి ఉంది. “ఎట్లనన్న కనుమ దాటితే అటు దిగిపోతం కదా” అని తలనొప్పి ఉన్నా దాచుకోని ఎక్కుతరు. లెక్క చూడు. బాలూ కా ఘేరా 3,600, షియాగోరు 3,900. కనుమ దాటి దిగినా ఆ రాత్రి నువ్వు పండుకునేది ముందటి రాత్రి కన్న 300 మీటర్లు పైన. పైగ ఛత్రూల రోడ్డు అందాలంటే తెల్లారి వాగు దాటి ఇంకొక పూట నడవాలె. అదే బాలూ కా ఘేరా నుంచి వెనుకకు తిరిగితే బాటంత దిగుడే, చీకటి పడకముందే జోబ్రాల బండి ఎక్కొచ్చు. కాబట్టి ఎక్కాలెనా, వెనుకకు పోవాలెనా అన్నది ఆ పొద్దున డేరాల నుంచి బయటికి రాకముందే తేలిపోవాలె. ఫోను సిగ్నలు ఆశ పెట్టుకోకుండ్రి.

సెప్టెంబరు మూడో వారం అంటే పాత మంచు చానా వరకు కరిగి ఉంటది, వానలు తగ్గుతుంటయి. అయినా కనుమ మీద కొత్త మంచు ఎప్పుడైనా పడొచ్చు. బూటు కింద తొడిగే ఇనుప ముళ్లు గైడ్ దగ్గర ముగ్గురికీ ఉన్నయా అని జోబ్రాలనే కండ్లార చూసుకో.

మిర్యాలగూడ డాక్టరమ్మ

మీ ముగ్గురికి మూడు వేర్వేరు జాగ్రత్తలు. ముందు అందరికీ వర్తించేది చెప్తాను.

4,270 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో సుమారు 60 శాతమే. ప్రతి ఊపిరికి అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం సర్దుకోవడానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలన్నది వైద్యులు చెప్పే లెక్క. ఈ బాటలో చికా నుంచి బాలూ కా ఘేరాకు పెరిగేదే ఆ హద్దు మీద ఉంది. అందుకని ఢిల్లీ నుంచి రాత్రి బస్సు దిగి నేరుగా జోబ్రా వెళ్లకండి. మనాలి 2,050 మీటర్లు, అక్కడ రెండు రాత్రులు ఉండండి.

తలనొప్పి వచ్చి, దాంతోపాటు వికారం, తల తిరగడం, విపరీతమైన నీరసం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ స్థితిలో ఇంకా పైకి ఎక్కకూడదు. ఆగి, నీళ్లు తాగి, పారాసిటమాల్ వేసుకుని తగ్గితే సరే, తగ్గకపోతే కిందికి. రెండు ప్రమాద సూచనలు గుర్తు పెట్టుకోండి. కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. మాట తడబడుతూ, నేల మీద గీత గీసి మడిమకు వేళ్లు ఆనించి నడవమంటే తూలుతుంటే మెదడు వాస్తోందని. ఈ రెండింటికీ తెల్లవారే దాకా ఆగకూడదు, అర్ధరాత్రి అయినా సరే మనిషి తోడుతో కిందికి దింపాల్సిందే. వేలికి పెట్టే ఆక్సిమీటర్ అంకె ఒక్కదాన్ని పట్టుకుని ధైర్యపడొద్దు, బెదిరిపోవద్దు. చల్లని వేలి మీద అది తప్పు చూపిస్తుంది. అరచేతులు రుద్దుకుని వేడి చేసుకున్నాక చూడాలి, లక్షణాలతో కలిపి చూడాలి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ గోలీ గురించి అందరూ అడుగుతారు. ముందు జాగ్రత్తగా వాడేవాళ్లకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండు సార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు వాడకూడదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా రుచి చప్పగా అనిపిస్తుంది. ఇవి మామూలే. మీకు బీపీ, మీ బావగారికి షుగరు ఉన్నాయి కాబట్టి డాక్టరు రాసిస్తేనే వాడాలి.

మీ బీపీ మాట. ఎత్తులో మొదటి కొన్ని రోజులు బీపీ పెరుగుతుంది. ఇక్కడే అదుపులో లేకపోతే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. మీ గోలీలో నీళ్లు పోయే మందు కలిసి ఉందేమో చూపించండి. దానికి డయామాక్స్ తోడైతే ఒంట్లో నీరు, పొటాషియం రెండూ తగ్గుతాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివైతే గుండె వేగాన్ని పెరగనివ్వవు. అప్పుడు చేతి గడియారం చూపించే గుండె అంకెను బట్టి నడక వేగం నిర్ణయించుకోలేరు. పైన చెప్పిన మాట పరీక్షే మీకు సరైనది. గోలీ మాత్రం ఎవరో చెప్పారని మీరే ఆపొద్దు.

మీ బావగారి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎనిమిది, తొమ్మిది గంటలు నడిస్తే షుగరు పడిపోతుంది, ఆ రాత్రి నిద్రలో కూడా పడొచ్చు. ఆ రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఆయన డాక్టరు ముందే కాగితం మీద రాసివ్వాలి. శిక్షణలో పెద్ద నడక రోజుల్లో గంట గంటకు పరీక్ష చేసి రాసిపెట్టుకుంటే డాక్టరుకు ఆధారం దొరుకుతుంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే, కరిగించినా పనికిరాదు. పగలు లోపలి చొక్కా జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఉండాలి. సగం మీ దగ్గర, సగం ఆయన దగ్గర పెట్టుకోండి, ఒక బ్యాగు పోయినా రెండోది ఉంటుంది. గ్లూకోమీటరు చలికి పని చేయదు, తప్పు కూడా చూపిస్తుంది. దాన్నీ ఒంటి వేడిలోనే ఉంచాలి.

షుగరు పడిపోయినా తల తిరుగుతుంది, నీరసం వస్తుంది, మాట తడబడుతుంది. ఎత్తు జబ్బు లక్షణాలూ ఇవే. కాబట్టి ఆయన నీరసంగా ఉందంటే ముందు వేలు గుచ్చి చూడాలి. మీటరు పని చేయకపోతే షుగరు పడిపోయిందనే అనుకుని గ్లూకోజు నీళ్లు ఇచ్చేయాలి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే అప్పుడు ఎత్తు జబ్బుగా చూసి కిందికి నడిపించాలి. ఈ సంగతి గైడ్‌కు కూడా తెలిసి ఉండాలి. రోజూ రాత్రి ఆయన పాదాలు టార్చి వేసి మీరు చూడండి. షుగరుతో స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ లేచినా తెలియదు.

కోయిలకొండ కోట

బూట్ల గురించి. కట్ట మీద నడిచే మెత్తటి స్పోర్ట్స్ షూ కనుమకు పనికిరాదు. ఆ రాళ్ల మీద అడుగు మెలికపడుతది, పదునైన అంచులు అరికాలికి తగుల్తయి. చీలమండ కప్పే, నీళ్లు దూరని, అడుగు భాగం చేతితోని మెలిపెడితే సులువుగ తిరగని బూటు తీసుకోవాలె. సాయంత్రం పూట కొనాలె, నడిచినంక పాదం కొంచెం ఉబ్బుతది కాబట్టి. మందం సాక్సులు తొడుక్కోని, పాదం పూర్తిగ ముందుకు తోసినప్పుడు మడిమ వెనుక ఒక వేలు దూరాలె. అంత జాగ లేకుంటే దిగేటప్పుడు బొటనవేలు గోరు బూటు ముందుకు కొట్టుకోని నల్లబడుతది. బయలుదేరేముందు రోజు గోర్లు తీసుకోవాలె. దిగే ముందు లేసులు చీలమండ దగ్గర గట్టిగ బిగించి కట్టుకోవాలె, వేళ్ల దగ్గర కొంచెం వదులుగ.

కొత్త బూట్లతోని కనీసం 60 కిలోమీటర్లు గుట్టల మీదనే నడవాలె. పాత బూట్లు ఉన్నోళ్లు ఇంకొకటి చూసుకోవాలె. అల్మారాల ఏండ్లు పెట్టి ఉంచిన బూటు పైకి కొత్తగనే కనబడుతది. లోపలి నురుగు పొర మన వానకాలం తేమకు మెల్లమెల్లగ పొడిపొడిగ అయితది. కనుమ ఎక్కుతుంటే ఉన్నట్టుండి అడుగు మొత్తం ఊడివస్తది. వాడినా, వాడకపోయినా ఐదారేండ్లు దాటిన బూట్లను నమ్మొద్దు. బ్యాగుల మందం టేపు, రెండు మీటర్ల నైలాను తాడు ఉండాలె. ఊడిన అడుగును తాడుతోని కట్టుకోని ఛత్రూ దాకా రావొచ్చు.

బట్టలల్ల కాటన్ ఒక్కటి కూడ వద్దు, బనీను, చెడ్డీతోని సహా. కాటన్ చెమటను పట్టుకోని ఆరకుండ ఒంటి వేడిని గుంజుతది. ఒంటికి తగిలేది పాలిస్టర్, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీద గాలి, వాన ఆపే జాకెట్. నడిచేటప్పుడు కొంచెం చలి పెడుతున్నట్టే ఉండాలె, వెచ్చగుంటే పది నిమిషాలల్ల చెమట పడుతది. చేతి తొడుగులు రెండు జతలు. నల్లద్దాలు ముగ్గురికీ తప్పనిసరి, ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతానికి పైన పెరుగుతయి, కొత్త మంచు పడితే కింద నుంచి కూడ కొడుతయి. ముక్కు కింద, గదవ కింద కూడ సన్‌స్క్రీన్ రాసుకోవాలె.

పానగల్లు కట్ట (నల్గొండ)

అన్నలకు, డాక్టరమ్మకు చానా చానా ధన్యవాదాలు. బావను ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకపోత. ఇంక మూడు అడుగుత. పిల్లగాడు ఫుట్‌బాల్ ఆడుతడు, మాకన్న ముందు ఉరుకుతడు, వానితోని ఏమన్న ఇబ్బంది ఉంటదా? ఆ రోజు తినేదానికి ఇంటి నుంచి ఏం పట్టుకపోవాలె? షియాగోరు వాగు దాటుడు ఎట్ల?

మిర్యాలగూడ డాక్టరమ్మ

పిల్లవాడి విషయంలో మీకు కంగారు ఉండాల్సిందే. దమ్ము, వయసు ఎత్తు జబ్బును ఆపవు. బలంగా ఉన్నవాళ్లు త్వరగా ఎక్కేస్తారు, శరీరానికి సర్దుకునే టైము ఇవ్వరు, తలనొప్పి వస్తే చెప్పడానికి నామోషీ పడతారు. వాడిని మీ బావగారి వెనుక నడిపించండి, మందుల సంచి, గ్లూకోజు వాడికి అప్పగించండి. బాధ్యత ఉంటే ముందుకు ఉరకడు. పొద్దున, సాయంత్రం తల నొస్తుందా, అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని పేరుపేరునా ముగ్గురూ ఒకరినొకరు అడగండి. మద్యం, సిగరెట్టు, నిద్రమాత్రలు మనాలి దగ్గరే ఆగిపోవాలి.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)

తిండి గురించి. ఆ ఎత్తుల ఆకలి చచ్చిపోతది, అందుకని నోటికి అలవాటున్నయే పట్టుకపోవాలె. మలీద ముద్దలు మంచియి, రొట్టె, బెల్లం, నెయ్యి కలిసి కడుపుల నిలుస్తయి. మూడు రోజుల లోపల తినాలె, అంతకు మించితే నెయ్యి వాసన వస్తది. మీకు దారికే నాలుగైదు రోజులు పడుతది కాబట్టి మలీద పొడిపొడిగ చేసి పట్టుకపోయి, బెల్లం, నెయ్యి అక్కడ కలుపుకోండ్రి. నువ్వుల ముద్దలు, సకినాలు, ఖర్జూరాలు ఎన్ని రోజులైనా ఉంటయి. పల్లిపట్టీ చలికి రాయి లెక్క గట్టిపడుతది, ఇంట్లనే చిన్న ముక్కలు చేసి పెట్టుకో. మనిషికి 300 గ్రాముల దాకా, ముప్పావు గంటకు ఒక పిడికెడు. ఆకలైనప్పుడు తింటా అంటే ఆలస్యమైనట్టే. బావకు మాత్రం ఎప్పుడు ఎంత అన్నది డాక్టరు చెప్పినట్టే.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు. అందుల ఒక లీటరుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్. లీటరు ప్యాకెట్‌ను అర లీటరుల కలిపితే ఉప్పు ఎక్కువై కడుపు తిప్పుతది, అది ఎత్తు జబ్బు అని భయపడుతరు.

రాచకొండ బాట (చౌటుప్పల్)

వాగు పొద్దున పొద్దున్నే దాటాలె. పైన మంచు ఎండకు కరిగి మధ్యాహ్నానికల్ల నీళ్లు పెరుగుతయి, రాత్రి చలికి మళ్ల తగ్గుతయి. సాయంత్రం మోకాళ్ల పైకి వచ్చే నీళ్లు తెల్లారి పిక్కల దాకే ఉండొచ్చు. బూట్లు విడిచి మెడల వేసుకో, వెనుక పట్టీ ఉన్న సాండిల్స్ తొడుక్కో. ఉత్త కాళ్లతోని దిగితే నిమిషంల స్పర్శ పోయి రాళ్లకు కోసుకపోయినా తెలువది. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి పెట్టాలె, పడితే బ్యాగును విడిచి లేవనీకి. ప్రవాహానికి ఎదురు మొఖం పెట్టి, కర్ర ముందట ఆనించి, పక్కకు పక్కకు అడుగేయాలె. రెండు కాళ్లు, ఒక కర్ర, ఎప్పుడైనా మూడిట్ల రెండు నేల మీద ఉండాలె. ముగ్గురు భుజాలు పట్టుకోని ఒక్క వరుసల పోండ్రి, బరువైన మనిషి నీళ్లు వచ్చే దిక్కు. అవతల దిక్కు ఎక్కంగనే కాళ్లు తుడుచుకోని పొడి సాక్సులు.

ఛత్రూల దిగినంక గ్రాంఫూ, కోక్సర్ మీదికెళ్లి అటల్ టన్నెల్‌ల నుంచి మనాలి. టన్నెల్ 9.02 కిలోమీటర్లు. ఛత్రూ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు మీద వాగులు పారుతయి, కొండచరియలు పడి బండ్లు ఆగుతయి. ఢిల్లీ నుంచి వాపసు రైలు టికెట్ ఒక రోజు ఎడంగ తీసుకో.